విశాఖ తోటల్లో ప్రెషర్ ట్రీటెడ్ కలప: తరచుగా అడిగే ప్రశ్నలు

పెరట్లో సన్నజాజి పందిరి, మిద్దె తోటలో మడుల పెట్టెలు, భీమిలి వైపు ఫామ్‌హౌస్‌లో పెర్గోలా (స్తంభాల మీద దూలాలు పరిచిన పందిరి). చెక్కతో కట్టించుకోవాలన్న ముచ్చట విశాఖలో ఈమధ్య బాగా పెరిగింది. దాంతోపాటే ఫిర్యాదులూ పెరిగాయి. "ట్రీటెడ్ కలప అన్నారు కదండీ, రెండు వానాకాలాలకే ఇలా అయిందేం?" అని అడిగేవాళ్లే ఎక్కువ. వెళ్లి చూస్తే చెక్క చాలావరకు బాగానే ఉంటుంది. తుప్పు పట్టిన స్క్రూ దగ్గరో, మందు పూయకుండా వదిలేసిన కోత చివరో, స్తంభం అడుగున నీళ్లు నిలిచిన చోటో తేడా కొట్టి ఉంటుంది. అందుకే ఇక్కడ చెక్క గురించి ఎంత రాశామో, దాని చుట్టూ ఉండే వాటి గురించీ అంత రాయాల్సి వచ్చింది.

ప్రెషర్ ట్రీటెడ్ కలప అంటే ఏమిటి? మందు పూసిన చెక్కకీ దీనికీ తేడా ఉందా?

చాలా ఉంది. బ్రష్‌తో ఎన్ని చేతులు పూసినా మందు పైపైన ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి లోపలికి వెళ్లదు. ప్రెషర్ ట్రీట్‌మెంట్‌లో ఎండిన కలపని పొడవాటి ఉక్కు సిలిండర్‌లోకి తోసి తలుపు బిగిస్తారు. ముందు వాక్యూమ్ పెట్టి చెక్క కణాల్లో ఉన్న గాలి లాగేస్తారు. తర్వాత మందు ద్రావణం నింపి ఒత్తిడి పెంచి, చెక్క ఇక తాగలేనంతవరకు అలాగే ఉంచుతారు. చివర్లో ఇంకోసారి వాక్యూమ్ పెట్టి, మీద కారుతున్న మందు లాగేసి బయటికి తీస్తారు. ఈ పద్ధతికి జాన్ బెతెల్ 1838లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో రైలు పట్టాల కింద వేసే స్లీపర్లకి క్రియోజోట్ ఇలా ఎక్కించేవారు.

నీళ్లలో కరిగే మందుల సంగతికొస్తే మనవాళ్ల పేరొకటి చెప్పుకోవాలి. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన సీసీఏ మందుని 1933లో కనిపెట్టిన శాస్త్రవేత్త శొంఠి కామేశం. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసినవారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచమంతా కరెంటు స్తంభాలకీ కంచె గుంజలకీ ఆ మందే వాడింది. అందులో రాగి బూజుని ఆపుతుంది. ఆర్సెనిక్ చెదలనీ, రాగికి లొంగని బూజులనీ ఆపుతుంది. క్రోమియం ఆ రెంటినీ చెక్క పీచుకి అతికించేస్తుంది, వానకి కొట్టుకుపోకుండా.

ఆకుపచ్చగా ఉంటే ట్రీట్‌మెంట్ అయినట్టేనా?

కాదు. రాగి ఉన్న మందు ఎక్కితే చెక్క ఆకుపచ్చగా మారడం నిజమే గానీ, ఆకుపచ్చ రంగు డబ్బాల్లోనూ దొరుకుతుంది కదా. చెదల మందులో ముంచి తీసి "ట్రీటెడ్" అని అమ్మేవాళ్లూ ఉన్నారు.

అడితికి వెళ్లినప్పుడు ఒక పలకని చివర్లో కాకుండా మధ్యలో, అంటే చివర నుంచి కనీసం అడుగున్నర లోపలికి, అడ్డంగా కోయించి చూడండి. కొస నుంచి మందు పీచు వెంట సులువుగా లోపలికి పోతుంది కాబట్టి అక్కడ కోసి చూస్తే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. మధ్యలో కోసినప్పుడు అంచు చుట్టూ ఒక పట్టీలా ఆకుపచ్చ రంగు లోపలికి దిగి ఉండాలి. కొన్నిచోట్ల అది వేలెడు మందం ఉంటుంది, కొన్నిచోట్ల సన్నబడుతుంది. మధ్యలో చేవ, అంటే నడిమి ముదురు కట్టె, ఉన్న మేర పసుపుగానో గోధుమరంగుగానో అలాగే మిగిలిపోతుంది. అది లోపం కాదు, చేవ మందు తాగదు. చుట్టూ గీత గీసినంత సన్నగా మాత్రమే రంగుంటే మాత్రం ఆ సరుకు వదిలేయండి.

ఆ తర్వాత కాగితం అడగండి. మందు పేరేమిటి, ఘనపు మీటరు చెక్కలో ఎన్ని కిలోల మందు నిలిచింది అన్నవి అందులో ఉండాలి. సీసీఏ విషయంలో అమెరికా ప్రమాణాలు నేలకి తగలని వాటికి సుమారు 4 కిలోలు, నేలలో పాతేవాటికి 6.4 కిలోలు అడుగుతాయి. మన దేశంలో కలప సంరక్షణకి ఐఎస్ 401 అనే ప్రమాణం ఉంది. న్యూజిలాండ్ పైన్ కొంటుంటే పలక మీద ముద్ర చూడండి. హెచ్3.2 అంటే ఆరుబయట వానకి తడిసినా పర్లేదు గానీ మట్టికి తగలకూడదు. హెచ్4 అయితేనే మట్టిలో పెట్టొచ్చు. ఈ ఒక్క తేడా తెలియక హెచ్3 పలకలతో మడులు కట్టినవాళ్లు ఉన్నారు.

టేకు, వేగిస ఉండగా ఇదంతా ఎందుకు?

డబ్బుకి వెనకాడకపోతే, ముదురు చేవ ఉన్న టేకు దొరికితే, దానికి ట్రీట్‌మెంట్ అక్కర్లేదు. కలపని నేలలో పాతి ఎన్నాళ్లకి పాడవుతుందో చూసి మన దేశంలో మూడు తరగతులుగా విడదీశారు. సగటున 120 నెలలు పైబడి నిలిచేవి మొదటి తరగతి, 60 నుంచి 120 నెలలు రెండోది, 60 లోపు మూడోది. టేకు చేవ మొదటి తరగతి. చేవ అని నొక్కి చెబుతున్నాం, ఎందుకంటే ఇప్పుడు మార్కెట్లోకి వచ్చే లేత టేకులో బయటి తెల్లభాగమే ఎక్కువ. ఆ తెల్లభాగం టేకుదైనా మామిడిదైనా చెదలకి ఒకటే.

ట్రీట్‌మెంట్‌కి లెక్క తిరగబడుతుంది. తెల్లభాగం మందుని బాగా తాగుతుంది, చేవ తాగదు. అందుకే చవకగా దొరికే, ఎక్కువగా తెల్లకట్టే ఉండే కలప ట్రీట్‌మెంట్ తర్వాత గట్టి సరుకు అవుతుంది. పైన్ అందుకే ప్రపంచమంతా వాడుకలో ఉంది. మన తీరంలో సరుగుడు గుంజలకి, అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్‌కి కూడా ఈ దారి ఉంది. నీలగిరి మాత్రం పేచీ పెడుతుంది. దాని చేవలోకి మందు ఎక్కదు, పైగా ఎండేటప్పుడు నిలువునా చీలుతుంది.

ఆర్సెనిక్ ఉంటుందంటున్నారు. పిల్లలు ఆడుకునే చోట, కూరగాయల మళ్లకి వాడొచ్చా?

సీసీఏ కలపని మేమైతే ఈ రెండిటికీ వాడం. అమెరికాలో ఇళ్ల వాడకానికి సీసీఏ కలప తయారీని 2003 చివరితో ఆపేశారు. అప్పటి నుంచి అక్కడ ఏసీక్యూ, కాపర్ అజోల్ అనే రాగి మందులు ఎక్కువగా వాడుకలోకి వచ్చాయి. వీటిలో ఆర్సెనిక్, క్రోమియం రెండూ లేవు, రాగి పాళ్లు మాత్రం ఎక్కువ. మడుల పెట్టెలకి, ఉయ్యాల స్టాండుకి, బల్లలకి ఇవి అడిగి తీసుకోండి.

ఏసీక్యూ అయినా మట్టికీ చెక్కకీ మధ్య మందపాటి ప్లాస్టిక్ షీట్ పరవడం మంచిది. పక్కలకి మాత్రమే. అడుగున పరిస్తే నీళ్లు దిగక వేళ్లు కుళ్లిపోతాయి. వాడుతున్న పెట్టె సీసీఏదో కాదో తెలియకపోతే అందులో ముల్లంగి, క్యారెట్, చామ లాంటి దుంపలూ ఆకుకూరలూ వేయకుండా పూలమొక్కలకి మార్చేయండి.

మిద్దె మీద పెట్టేవాళ్లకి ఇంకో మాట, ఇది చెక్కకి సంబంధించింది కాదు గానీ చెప్పకుండా ఉండలేం. మనుషులు తిరిగే డాబా పైకప్పుకి సాధారణంగా లెక్కలో వేసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి దాదాపు 150 కిలోలు. అడుగు లోతు తడిమట్టి ఒక్కటే చదరపు మీటరుకి 500 కిలోల చుట్టూ తూగుతుంది. కోకోపీట్, వర్మీకంపోస్ట్ ఎక్కువ కలిపి తేలిక మిశ్రమం వాడండి, పెట్టెలు దూలాల మీదుగా వచ్చేలా సర్దండి, ఇంజినీర్‌ని ఒకసారి అడగండి.

కోసేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

మాస్కు, చేతికి గ్లవ్స్, కళ్లద్దాలు. పని అయ్యాక అన్నం ముద్ద ముట్టే ముందు చేతులు సబ్బుతో కడగాలి. రంపపు పొట్టుని కింద ప్లాస్టిక్ పట్టా పరిచి పట్టుకోండి. అది కంపోస్టులోకి, కోళ్ల గూట్లోకి, ఆవుల కింద పరుపుకి వెళ్లకూడదు. మామూలు పొట్టు అలవాటుగా వాటికే పోతుంది కాబట్టి వడ్రంగికి ముందే చెప్పి ఉంచాలి.

కోసిన చివరకి మళ్లీ మందు పూయాలా?

పూయాలి, అదే రోజు. మొత్తం పనిలో ఎక్కువమంది ఎగ్గొట్టేది ఇదే. పైన చెప్పినట్టు మందు అంచు చుట్టూ ఒక పట్టీ మేర మాత్రమే ఉంటుంది. పలకని కోసినా, బోల్టుకి బెజ్జం వేసినా, చిత్రిక పట్టినా ఆ పట్టీ తెగి, మందు లేని లోపలి భాగం బయటపడుతుంది. కొస చెక్క నీళ్లని పీల్చే తీరే వేరు. పీచులన్నీ అక్కడే నోళ్లు తెరుచుకుని ఉంటాయి.

దీనికి వాడేది కాపర్ నాఫ్తనేట్ అనే, బ్రష్‌తో పూసే రాగి మందు. బ్రష్‌తో రెండు మూడు సార్లు, ఒకటి ఇంకాక ఇంకోటి, చెక్క తాగినంత తాగించాలి. బోల్టు బెజ్జాల్లో కూడా పోయాలి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం చవక, చెదలకి బాగా పనిచేస్తుంది, వెదురుకి మన దగ్గర అదే ఎక్కువ వాడతారు. కానీ అది వానకి కరిగి కారిపోతుంది. కప్పు కింద ఉండే వాటికి సరే, ఆరుబయటకి పనికిరాదు. వీలైతే కొలతలన్నీ ముందే ఇచ్చి, కోతలూ బెజ్జాలూ అయ్యాక ట్రీట్‌మెంట్‌కి పంపించండి. కొత్తగా కట్టించేవాళ్లకి మేం మొదట చెప్పేది ఇదే.

కొస నేలలో పాతాల్సి వస్తే? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొస కిందికి, మీరు కోసిన కొస పైకి. ఆ పైకొస మీద ఒక రేకు టోపీ.

స్క్రూలు, మేకులు ఏవి వాడాలి?

విశాఖలో దీన్ని తేలిగ్గా తీసుకుంటే మిగతావన్నీ వృథా. ఎందుకంటే ఇక్కడ ఇనుము మీద రెండు వైపుల నుంచి దాడి జరుగుతుంది. బయట నుంచి సముద్రపు ఉప్పుగాలి, లోపల నుంచి చెక్కలోని రాగి. తడిగా ఉన్నప్పుడు రాగి ఇనుముతోనూ జింక్ పూతతోనూ చర్య జరిపి వాటిని తినేస్తుంది. సీసీఏలో ఉన్న క్రోమియం దీన్ని కొంత అడ్డుకునేది. ఏసీక్యూలో అది లేదు, రాగి ఎక్కువ. ఆరోగ్యానికి మంచిదని కొత్త మందుకి మారినవాళ్లు పాత రకం మేకులే కొట్టించి దెబ్బతింటున్నది అందుకే.

హార్డ్‌వేర్ షాపులో పసుపుపచ్చగా మెరిసే స్క్రూలూ, జిప్సం బోర్డుకి వాడే నల్ల స్క్రూలూ ఇంటి లోపలి పనికి. వాటి మీద జింక్ ఉన్నా మైక్రాన్లలో లెక్క. ఒక పాత పెర్గోలా నుంచి అలాంటి స్క్రూ ఒకటి విప్పబోతే తల ఊడి చేతికొస్తుంది, మెడ దగ్గర అగ్గిపుల్లంత సన్నబడి, చుట్టూ చెక్క నల్లగా మరకపట్టి మెత్తగా ఉంటుంది. పైన్ మాత్రం అక్కడి నుంచి అంగుళం దూరంలో కొత్తదానిలా గట్టిగానే ఉంటుంది.

పెందుర్తి, మాధవధార లాంటి సముద్రానికి ఎడంగా ఉన్న చోట్ల హాట్ డిప్ గాల్వనైజ్డ్ బోల్టులు, అంటే కరిగిన జింక్‌లో ముంచి తీసినవి, పైన గరుగ్గా బూడిదరంగులో ఉంటాయి, అవి సరిపోతాయి. లేదా 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీల్. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి వైపు 304కి కూడా గోధుమరంగు మరకలు వస్తాయి. అక్కడ ఉప్పుని ఇంకా బాగా తట్టుకునే 316 గ్రేడే. ఖరీదు ఎక్కువే. కానీ మొత్తం పనిలో స్క్రూల ఖర్చు ఎంతని? రెండు రకాల లోహాలు కలపకండి, స్టెయిన్‌లెస్ బోల్టుకి గాల్వనైజ్డ్ వాషర్ వేస్తే ఆ వాషరే ముందు పోతుంది. అల్యూమినియం యాంగిళ్లు రాగి మందు ఎక్కిన చెక్కకి నేరుగా తగలకూడదు.

స్తంభాలని కాంక్రీట్‌లో పాతేస్తే గట్టిగా ఉంటాయి కదా?

గట్టిగానే ఉంటాయి, కొన్నాళ్లు. చెక్క పుచ్చిపోయేది ఎప్పుడూ నేలమట్టం దగ్గరే, ఒక జానెడు పైకీ కిందికీ. ఇంకా లోతులో తడి ఉన్నా గాలి ఆడదు, బాగా పైన గాలి ఉన్నా తడి నిలవదు. బూజుకి రెండూ కావాలి. కాంక్రీట్ పోశాక చెక్క ఎండి కాస్త కుంచించుకుంటుంది, చుట్టూ వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. వాననీళ్లు అందులోకి దిగి గ్లాసులో నిలిచినట్టు నిలిచిపోతాయి.

పెర్గోలాకి మేం చెప్పేది కాంక్రీట్ దిమ్మె పోసి, అందులో గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ షూ (స్తంభం అడుగుని పట్టుకునే లోహపు తొడుగు) బిగించి, స్తంభాన్ని దానిలో కూర్చోబెట్టడం. దిమ్మె పైభాగం నేలకంటే కొంచెం ఎత్తులో, బయటికి వాలుగా ఉండాలి. చెక్క కొసకీ దిమ్మెకీ మధ్య అంగుళం ఖాళీ. కంచెకి తప్పనిసరిగా పాతాల్సి వస్తే హెచ్4 స్థాయి గుంజ తీసుకుని, గుంత అడుగున అరడుగు కంకర వేసి, చుట్టూ కంకరతోనే దట్టించండి. నీళ్లు దిగిపోతాయి.

పగుళ్లు వచ్చాయి. మోసపోయామా?

లేదు. మందు ఎక్కిన చెక్క తడిగా వస్తుంది, ఎండేటప్పుడు పైభాగం ముందు బిగుసుకుని పీచు వెంట చీలుతుంది. మన మే నెల ఎండకి ఇంకా ఎక్కువ. పైపై పగుళ్లతో బలం తగ్గదు. పలక ఒకవైపు నుంచి రెండోవైపుకి చీలినా, స్క్రూ దగ్గర నుంచి కొసదాకా చీలినా మార్చాలి. పైకి చూసే పగుళ్లలో నీళ్లు నిలుస్తాయి కాబట్టి వాటిలో ఏడాదికోసారి కాపర్ నాఫ్తనేట్ పోయడం మంచిది. పుట్టీ పెట్టకండి, అది ఊడి వస్తుంది, ఈలోపు లోపల తడిని బంధిస్తుంది.

రంగు ఎప్పుడు వేయాలి? పాలిష్ చేయించొచ్చా?

మెరుస్తూ పొరలా నిలిచే వార్నిష్, పాలిష్ వద్దు. ఇక్కడి ఎండకి ఆ పొర పెళుసెక్కి పగులుతుంది, పగుల్లోంచి నీరు దిగి పొర కింద చెక్క నల్లబడుతుంది. తర్వాత మొత్తం గీకితే తప్ప మళ్లీ వేయలేరు. సీసీఏ కలపైతే గీకడం, సాండింగ్ అసలే చేయకూడదు.

చెక్కలోకి ఇంకిపోయే ఆయిల్ స్టెయిన్ వేయించండి, రంగు కలిపింది. రంగు పొడే ఎండ నుంచి కాపాడుతుంది. రంగులేని నూనె తడిని ఆపుతుందే గానీ అతినీలలోహిత కిరణాలని ఆపదు. వట్టి అవిసె నూనె పూస్తే మన తేమకి దాని మీద నల్ల బూజు పడుతుంది, దానికి అది తిండే మరి.

ఎప్పుడు వేయాలో నీళ్ల చుక్క చెబుతుంది. చెక్క మీద నాలుగు చుక్కలు చల్లండి. గుండ్రంగా నిలబడి ఉంటే ఇంకా ఆరలేదు. కొద్ది నిమిషాల్లో ఇంకిపోతే సిద్ధం. విశాఖలో వానలు జూన్‌లో మొదలై అక్టోబర్, నవంబర్ దాకా వదలవు, అన్నిటికంటే ఎక్కువ పడేది అక్టోబర్‌లోనే. అందుకని సంక్రాంతి దాటాక మార్చి లోపు ఈ పని పెట్టుకోండి. ముందురోజు మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించాలి. ఎండ తగిలే పైభాగాలకి ఏడాది, రెండేళ్లకోసారి మళ్లీ వేయాలి. నిలువు స్తంభాలకి ఇంకొంచెం ఆలస్యమైనా ఫర్వాలేదు.

అసలు ఏమీ వేయకపోతే? చెక్క వెండిబూడిద రంగుకి తిరుగుతుంది. అది పుచ్చు కాదు. కొందరికి ఆ రంగే నచ్చుతుంది. అనుమానం వస్తే స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి. గట్టిగా తగిలితే ఢోకా లేదు.

పలాస నుంచి జీడి నూనె తెచ్చి పూయమంటున్నారు. కాలిన ఇంజిన్ ఆయిల్ కూడా?

జీడిగింజ పైపెంకు నుంచి తీసే నూనె ఊరికే పుట్టిన నమ్మకం కాదు. పడవలకి అది పూయడం పాత అలవాటు, చెదలని కొంతవరకు ఆపుతుంది. కానీ చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, చెక్క నల్లగా జిగటగా అవుతుంది, లోతుకి దిగదు. గొడ్ల పాక గుంజలకి సరే, పిల్లలు పట్టుకుని ఎక్కే పెర్గోలాకి కాదు.

కాలిన ఇంజిన్ ఆయిల్ ఎక్కడా వద్దు. అందులో లోహపు మలినాలు ఉంటాయి, వానకి కారి మట్టిలో కలుస్తాయి. అడుగున తారు పూయడం కూడా మంచిది కాదు. తారు బయటి నీళ్లని ఆపేలోపు పైనుంచి దిగిన నీళ్లని లోపల పట్టి ఉంచుతుంది.

ఎలా శుభ్రం చేయాలి?

మెత్తటి బ్రష్, సబ్బునీళ్లు, అంతే. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే చెక్క పీచు లేచిపోతుంది. సీసీఏ కలప మీద బ్లీచింగ్ పౌడర్ నీళ్లు పోయకండి. క్లోరిన్ బ్లీచ్ అందులోని క్రోమియంని విషపూరితమైన రూపంలోకి మార్చి వదులుతుంది. కొత్త రకం కలప మీద పాకుడుకి సోడియం పెర్కార్బనేట్ వాడొచ్చు. ఏడాదంతా ఉప్పుగాలి తగిలే ఇళ్లలో నెలకోసారి పైపుతో మంచినీళ్లు కొడితే చెక్కకంటే బోల్టులకే ఎక్కువ మేలు.

పందిరి మీద తీగ గుబురుగా అల్లుకుంటే కింద చెక్క ఆరదు. వానలకి ముందు ఒకసారి పలచన చేయండి.

ట్రీటెడ్ కలపకి చెదలు పట్టవా?

దాన్ని తినవు. దాని మీదుగా పోతాయి. స్తంభం మీద మట్టి గొట్టం కట్టుకుని పైకెక్కి, దానికి ఆనించి ఉన్న తలుపు చట్రాన్నో లోపలి బీరువానో తింటాయి. మట్టి గీత కనపడగానే గీకేయండి. ఎక్కడికి పోతోందో కూడా చూడండి.

తుఫాను వస్తే నిలబడుతుందా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల ప్రాంతంలో వీచింది. ఆ గాలికి మందు ఎక్కిన చెక్క, ఎక్కని చెక్క అన్న తేడా లేదు. కలిపిన చోట్లు పట్టి ఉండాలి. గాలి పెర్గోలాని కిందికి తొయ్యదు, పైకి లేపుతుంది. ఏటవాలుగా కొట్టిన మేకులు అప్పుడు జారిపోతాయి. దూలానికీ స్తంభానికీ మధ్య నిలువునా దూసుకెళ్లే బోల్టు లేదా లోహపు పట్టీ, అడుగున దిమ్మెలో బలంగా దిగిన షూ ఉండాలి. దిమ్మె బరువు కూడా లెక్కే.

తుఫాను హెచ్చరిక వినగానే చేయాల్సిన మొదటి పని గ్రీన్ నెట్ విప్పేయడం. నెట్ ఉన్న పెర్గోలాకి గాలి పట్టే తీరే వేరు.

ఎన్నేళ్లు వస్తుంది?

సరైన మందు సరైన మోతాదులో ఎక్కి, కోత చివరలకి మందు పడి, షూ మీద నిలబడితే 20 ఏళ్లు అత్యాశ కాదు. పెర్గోలా తనకంటే ముందు రెండుసార్లు స్క్రూలు మార్పించుకుంటుంది, మీరు 316 వాడకపోతే.

దీంతోనే సముద్రంలో చిన్న జెట్టీ కట్టొచ్చా?

తోట కలపతో కాదు. సముద్రంలో చెక్కని తొలిచే పురుగులు వేరు, పైకి చిన్న చిల్లు, లోపలంతా డొల్ల చేసేస్తాయి. వాటికి ఎక్కించాల్సిన మోతాదు తోట కలపకి ఎక్కించే దానికి ఎన్నో రెట్లు.

పాత కలపని ఏం చేయాలి? భోగి మంటలో వేసేయొచ్చా?

వద్దు. భోగి మంటలోనే కాదు, నీళ్ల పొయ్యిలో, ఇటుకల బట్టీలో, ఎక్కడా. సీసీఏ కలప కాలితే పొగలో కొంత ఆర్సెనిక్ పోతుంది, మిగతాది బూడిదలో గట్టిగా మిగులుతుంది. భోగి బూడిదని మొక్కలకి వేసేవాళ్లున్నారు. పశువులు ఉప్పదనం కోసం బూడిద నాకుతాయి, అలా చచ్చిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఏసీక్యూ పొగ కూడా మంచిది కాదు.

బాగున్న ముక్కలని మట్టికి తగలని చోట మళ్లీ వాడుకోండి, పూలకుండీల స్టాండుకో కంచె అడ్డకర్రకో. పుచ్చిపోయినవాటిని పొయ్యికట్టెల కుప్పకి దూరంగా విడిగా కట్టి, మందు ఎక్కిన కలప అని కాగితం అంటించి, చెత్త తీసుకెళ్లేవాళ్లకి నోటితో కూడా చెప్పి ఇవ్వండి. లేకపోతే ఎవరో ఒకరు వంటచెరుకు కోసం ఏరుకుపోతారు.